తెక్కలకోటలో గ్వాదలూపే అమ్మవారు

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు కొత్త ఆంధ్ర రాష్ట్రానికి వచ్చాయి. సిరుగుప్ప, హోస్పేట, సండూరు, కూడ్లిగి, హడగలి, హరపనహళ్ళి మైసూరుకు పోయాయి. నడుమ బళ్ళారి తాలూకా ఎవరిదని పెద్ద తగువే నడిచింది. జస్టిస్ మిశ్రా విచారణ జరిపాక అదీ మైసూరుకే దక్కింది. అంతకుముందు నూటయాభై ఏళ్ళు ఈ సీమ చాలామటుకు మద్రాసు పాలనలోనే ఉండేది. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్ళకు ధారపోసిన దత్తమండలాలు ఇవే. ఏ ఊళ్ళో ఏ భాషవాళ్ళు ఎక్కువో లెక్క చూసుకుని గీత గీశారు. ఒకే నోట రెండు భాషలు మాట్లాడేవాళ్ళను ఏ గడిలో రాసుకున్నారో మా ఇళ్ళలో ఎవరూ చెప్పలేకపోయారు.

మా మేనత్తను సిరుగుప్ప తాలూకాలోని తెక్కలకోటకు ఇచ్చేనాటికి ఆ గీతకు ఇరవై ఏళ్ళు దాటాయి. సంబంధం చూడబోయినవాళ్ళు మడి ఎన్నెకరాలని అడిగారు, కాలువ నీళ్ళు పారతాయా అని అడిగారు. రాష్ట్రం ఏదని అడగలేదు.

ఆదోనిలో సిరుగుప్ప బస్సెక్కితే ఇప్పటికీ ఆ సంగతి అర్థమవుతుంది. పత్తి మూటల లారీల వెనకాల నింపాదిగా పోతుంది బస్సు. దుకాణాల బోర్డుల మీద తలకట్లు వంపు తిరిగి కన్నడం అవుతాయి, జొన్నచేలు వరిమళ్ళవుతాయి. కండక్టరు కన్నడంలో అడిగితే తెలుగులో జవాబు చెప్పే ముసలమ్మ, తెలుగులో అడిగితే కన్నడంలో విసుక్కునే కుర్రవాడు పక్కపక్కనే కూర్చుని ఉంటారు. తుంగభద్ర దిగువ కాలువదీ ఇదే తంతు. హోస్పేట దగ్గర ఆనకట్టలో బయల్దేరి, బళ్ళారి, సిరుగుప్ప పొలాలు తడిపి, గీత దాటి కర్నూలు జిల్లాలోకి వస్తుంది. వచ్చేసరికి నీళ్ళు ఏ మాత్రం మిగులుతాయన్నది వేరే గొడవ. ఆ గొడవ కోసమే సరిహద్దు గుర్తుకొస్తుంది జనానికి, తక్కిన రోజుల్లో దాని ఊసే ఉండదు.

నా సంచిలో మూడు రంగుల అచ్చుకాగితాలు ఉన్నాయి. అమెరికాలో యోలాండా లోపెజ్ అనే చిత్రకారిణి 1978లో వేసిన మూడు బొమ్మలవి. హైదరాబాదులో చిత్రకళ చదువుకునే పిల్లలకు వాటి గురించి చెప్పాల్సిన పని పడింది. చీకటి గదిలో గోడ మీద వేసి చూపించే ముందు, గీత పడిన ఊళ్ళో ఒకసారి చాప మీద పరిచి చూడాలనిపించింది. లోపెజ్ పుట్టిందీ అలాంటి చోటే. 1942లో సాన్ డియేగో నగరంలో పుట్టింది, అక్కడి లోగన్ హైట్స్ వాడలో పెరిగింది. మెక్సికో సరిహద్దు అక్కడికి దగ్గరే. మెక్సికో మూలాలుండి అమెరికాలో పుట్టి పెరిగినవాళ్ళలో తమ హక్కు కోసం లేచిన తరం తమను చికానోలని చెప్పుకుంది, ఆడవాళ్ళు చికానాలు. గతంలో తిట్టుగా వాడిన పేరును 1960లలో వాళ్ళే పతాకం చేసుకున్నారు. ‘మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది’ అనే అర్థం వచ్చే నినాదం వాళ్ళది. సిరుగుప్ప తాలూకావాళ్ళకు దీన్ని వేరే విడమరచి చెప్పనక్కర్లేదు.

అయితే పోలికను మరీ సాగదీయకూడదు. ఇక్కడ గీత దాటడానికి బస్సు టికెట్టు చాలు. అక్కడ ఆ గీత యుద్ధంతో పడింది. 1848 ఫిబ్రవరి 2న అమెరికాతో చేసుకున్న ఒప్పందంతో మెక్సికో తన నేలలో దాదాపు సగం పోగొట్టుకుంది. కాలిఫోర్నియా అలా పోయిందే. అక్కడ ఉండిపోయినవాళ్ళకు ఏ దేశ పౌరులుగా ఉంటారో తేల్చుకోవడానికి ఒక ఏడాది గడువిచ్చారు. ఆ ఒప్పందం మీద సంతకాలు జరిగిన ఊరి పేరు గ్వాదలూపే ఇదాల్గో. మెక్సికో జనం ఇంటింటా కొలిచే గ్వాదలూపే అమ్మవారి గుడి ఉన్నది ఆ ఊళ్ళోనే. అంటే దేశం రెండు ముక్కలైన కాగితానికి అమ్మవారి పేరే పడింది. లోపెజ్ వేసిన మూడు బొమ్మలూ ఆ అమ్మవారి మీదే.

అమ్మవారి కథ క్లుప్తంగా చెబుతాను. 1531లో తెపెయాక్ గుట్ట మీద హువాన్ దియేగో అనే స్థానికుడికి కనిపించిందని, అతను కప్పుకున్న దుప్పటి మీద ఆమె రూపం అచ్చుపడిందని భక్తుల నమ్మకం. కిత్తనారతో నేసిన ఆ దుప్పటిని ఈనాటికీ పటం కట్టి పూజిస్తున్నారు. గులాబీరంగు గౌను, తలమీంచి పాదాల దాకా జారే నీలిపచ్చని శాలువా, దాని మీద బంగారు నక్షత్రాలు, వెనక సూర్యకిరణాల ప్రభ, కాళ్ళ కింద నెలవంక, దాని కింద రెక్కల పిల్లవాడు ఒకడు. వాడు రెండు చేతులతో ఆమె వస్త్రాల అంచులు పట్టుకుని ఉంటాడు. తల కొంచెం వంచి, చేతులు జోడించి, కదలకుండా నిలబడి ఉంటుందామె. మన ఇళ్ళలో లక్ష్మీదేవి క్యాలెండరు ఎలాగో, సరిహద్దుకు అటూ ఇటూ ఆ ఇళ్ళలో ఈ బొమ్మ అలాగ.

లోపెజ్ ఆ ప్రభను, నక్షత్రాల శాలువాను, నెలవంకను, పిల్లవాణ్ణి తీసుకుని మధ్యలోంచి అమ్మవారిని పక్కకు జరిపింది. ఆ చోట మొదటి బొమ్మలో తనే నిలబడింది. నిలబడటం కాదు, పరుగెత్తుతోంది. కాళ్ళకు పరుగు బూట్లు, పిక్కల్లో కండ, ఒక చేత్తో పామును పట్టుకుంది, మరో చేత్తో శాలువాను భుజాన ఎగరేసింది. నెలవంక మీంచి దూకుతూ రెక్కల పిల్లవాణ్ణి తొక్కేసింది. వాడి రెక్కలు ఎరుపు, తెలుపు, నీలం, అమెరికా జెండా రంగులు. రెండో బొమ్మలో అమ్మవారి చోట ఆమె తల్లి మార్గరెట్, కుట్టుమిషన్ ముందు. మూడో బొమ్మలో అమ్మమ్మ విక్టోరియా, శాలువా పరిచిన పీట మీద కూర్చుని, ఒక చేతిలో కత్తి, మరో చేతిలో ఒలిచిన పాము. మూడూ కాగితం మీద ఆయిల్ పాస్టెల్‌తో వేసినవి. పుస్తకాల్లో, పోస్టర్ల మీద, చొక్కాల మీద ఎక్కడ చూసినా కనిపించేది మాత్రం మొదటిదే.

బొమ్మలను పక్కన పెట్టి ముందు గుట్ట ఎక్కాలి. తెక్కలకోట వెళ్ళి గుట్ట ఎక్కకుండా వస్తే అత్త ఊరుకున్నా ఊరు ఊరుకోదు. 1963–64లో పూనా డెక్కన్ కాలేజీ తరఫున ఎం.ఎస్. నాగరాజరావు, కైలాష్ చంద్ర మల్హోత్రా ఇక్కడ తవ్వకాలు జరిపారు. ఇద్దరూ కలిసి తెక్కలకోట రాతియుగపు గుట్టవాసుల మీద 1965లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వేశారు. నాగరాజరావు తరవాత దేశపు పురావస్తు శాఖకే అధిపతి అయ్యారు. ఊరు మాత్రం వాళ్ళను ‘తవ్వేటోళ్ళు’ అనే తలుచుకుంటుంది.

గుట్ట అంటే పచ్చని కొండ కాదు. ఏనుగంత గ్రానైటు గుండ్లు ఒకదాని మీద ఒకటి ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టు ఉంటాయి. వాటి నడుమ చదును చేసిన తావుల్లో మూడువేల అయిదువందల ఏళ్ళ కింద జనం కాపురముండేవారు. గుండ్రటి గుడిసెలు వేసుకున్నారు. ఉలవలు తిన్నారు, పశువులను మేపారు, రాతి గొడ్డళ్ళు నూరుకున్నారు. చిన్నపిల్లలు చనిపోతే కుండల్లో పెట్టి పూడ్చేవారు. తవ్వకాల్లో రాగి గొడ్డలి దొరికింది, బంగారు చెవిపోగులూ దొరికాయి. చెవికి బంగారం పెట్టుకున్న మనిషి ఇంట్లో ఉలవగుగ్గిళ్ళు ఉడుకుతున్నాయన్న ఊహ నాకు ఎప్పుడూ సరదాగా ఉంటుంది. ఆ గుడిసెలు ఎలా ఉండేవో ఊహించడానికి నాగరాజరావు బృందం దూరం పోలేదు. పక్కనే బోయవాళ్ళు వేసుకునే గుడిసెలను చూసి పోల్చుకున్నారు. అన్నేళ్ళ నాటి ఇంటికి కొలత నిన్నటి ఇంటిలోనే దొరికింది.

నాతో వచ్చిన మేకల పిల్లవాడు ఒక గుండు దగ్గర ఆగి, చేత్తో దుమ్ము తుడిచి, ‘ఎద్దు’ అన్నాడు. నాకు మొదట ఏమీ కనబడలేదు. ఎండ ఏటవాలుగా పడే వైపు జరిగితే మూపురం, దాని మీదుగా వెనక్కి తిరిగిన పొడుగాటి కొమ్ములు తేలాయి. రంగుతో వేసింది కాదది. రాతితో రాతి మీద సన్నగా, ఓపిగ్గా దంచి పైపొర లేపేశారు. ఈ దంచుడు బొమ్మలకు పేరుమోసింది బళ్ళారి పక్కన కప్పగల్లు. గ్రానైటు కొండలో గోడలా లేచిన నల్లరాతి దడి మీద వందల బొమ్మలున్నాయక్కడ. ఫాసెట్ అనే ఇంగ్లీషు అధికారి 1892లోనే వాటి మీద వ్యాసం అచ్చువేశాడు. కొన్ని గుండ్లను రాయితో కొడితే గంటలా మోగుతాయి. నికోల్ బోయివిన్ అనే పరిశోధకురాలు ఆ మోగే రాళ్ళను గురించి 2004లో రాసేదాకా బయటి ప్రపంచానికి వాటి మీద పెద్దగా పట్టింపు లేదు. అక్కడే సంగనకల్లు హిరేగుడ్డ మీద రాతి గొడ్డళ్ళ కర్మాగారమే నడిచింది. చెక్కిన రాతిపెళ్ళలు కుప్పలుగా దొరికాయి, గొడ్డలి అంచు నూరగా నూరగా బండల మీద పడిన గాడులు ఇప్పటికీ వేలికి తగులుతాయి.

ఎద్దు ఎవరు దంచారో తెలిసే దారి లేదు. కానీ ఎంత పని పట్టిందో రాయి చెబుతుంది. బొమ్మను చూడటానికి నాకు తెలిసిన దారి అదొక్కటే. ముఖం చూసే ముందు పని ఎక్కడుందో వెతుక్కుంటాను. లోపెజ్ బొమ్మల్లో నడిమిది నన్ను పట్టుకోవడానికీ అదే కారణం.

అత్త ఇంట్లో వసారా అంతా గుడ్డముక్కలే. ఆమెది పాత ఊషా తొక్కుడు మిషన్. కోడలిది, వరసకు నాకు అక్క అవుతుంది, మోటారుతో నడిచే జూకీ. అత్త జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్సు వేస్తుంది. అక్క పెళ్ళికి ముందు బళ్ళారిలో, కౌల్ బజార్‌లో ఒక జీన్స్ యూనిట్‌లో పనిచేసింది. బళ్ళారి జీన్స్ అంటే దేశమంతటా తెలుసు. కానీ ఒక్క ప్యాంటు ఎన్ని చేతులు మారుతుందో తొడుక్కునేవాళ్ళు ఎరగరు. జేబులు కుట్టేవాళ్ళు వేరు, బెల్టు ఎక్కించేవాళ్ళు వేరు, కాజాలు, గుండీలు వేరు, చివరికి వేలాడే దారాలు కత్తిరించేవాళ్ళు వేరు. ఆ ఆఖరి పని ఎక్కువగా ఆడవాళ్ళకు, ఇంటికి మూటగట్టి ఇస్తారు. ఎన్ని పీసులైతే అన్ని డబ్బులు.

వసారాలో చాప మీద మూడు కాగితాలూ పరిచాను. అత్త కళ్ళజోడు సవరించుకుని మొదటి బొమ్మ మీదకు వంగింది.

‘ఎవురు పాపా ఈయమ్మ? ప్రభ ఉండాది, కాళ్ళకు బూట్లుండాయి.’

‘మెక్సికో అమ్మవారి వేషం అత్తా. వేషం వేసుకున్నది బొమ్మ గీసినామె.’

‘అట్లనా. పరిగెత్తేదానికి గుడ్డ అడ్డం పడ్తుంది, ఒంటికి కట్టుకోవాల’ అని తేల్చేసి పక్క కాగితానికి జరిగింది. లోపెజ్ నిజంగా పరుగు అలవాటున్న మనిషి. చదువుకునే రోజుల్లో పరుగెత్తే ఆడపిల్లగా తనను తాను వరసగా బొమ్మలు వేసుకుంది కూడా. ఆ పరుగు గురించి నేను చెప్పబోయిన నాలుగు మాటలు గొంతులోనే ఉండిపోయాయి. లోపెజ్‌దే మరో బొమ్మ ఉంది, అమ్మవారు మోకాళ్ళ పొడుగు గౌనుతో, మడమల చెప్పులతో నడిచిపోతున్నట్టు. 1984లో మెక్సికోలో ఒక స్త్రీల పత్రిక దాన్ని ముఖచిత్రంగా వేస్తే బాంబు బెదిరింపులు వచ్చాయి. తెక్కలకోటలో బూట్లకు అంత పట్టింపు కనబడలేదు.

మూడో బొమ్మ దగ్గర మాత్రం వచ్చింది చిక్కు. అమ్మమ్మ చేతిలో ఒలిచిన పామును చూసి అత్త చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. ‘నాగప్పను ఒలిచిందా? వద్దు, అది ఆడ పెట్టు.’ ఆ గోడకు ఆనుకునే దేవుడి గూడు ఉంది. కాగితాన్ని ఆమే బోర్లా తిప్పేసింది. మెక్సికో పాత దేవతల్లో పాములే పావడాగా కట్టుకున్న కోత్లీక్వే ఉందని, అమ్మవారు కనిపించిన తెపెయాక్ గుట్ట మీద స్పెయిన్‌వాళ్ళు రాకముందు తోనాంత్సిన్ అనే తల్లిని కొలిచేవారని, అక్కడ పాముకు వేరే అర్థాలున్నాయని చెప్పాను. అత్త విన్నది. విని, ‘ఉండనీ. ఇండ్లల్ల నాగుల చవితికి పుట్టకు పాలు పోసేటోళ్ళం, మనకెందుకు’ అంది. ఆ బొమ్మ ఇక్కడ నోరు విప్పలేదు. నచ్చజెప్పడానికి నేనూ గట్టిగా ప్రయత్నించలేదు. ఏ బొమ్మయినా ఏ ఊళ్ళోనైనా ఒకేలా పలుకుతుందనేవాళ్ళ మాట నేను నమ్మను.

నడిమి బొమ్మకు వచ్చేసరికి అత్తా కోడళ్ళు ఇద్దరూ కాగితానికి చెరోవైపు కూర్చుండిపోయారు.

ఆ బొమ్మలో కళ్ళజోడు పెట్టుకున్న నడివయసు స్త్రీ మిషన్ ముందు కూర్చుని ఉంటుంది. ఇంటి మిషన్ కాదు, కర్ఖానాల్లో వాడే బరువైనది. వెనక ప్రభ యథాతథంగా వెలుగుతూ ఉంటుంది. సూది కింద నలుగుతున్నది నక్షత్రాల నీలం శాలువా. అంటే అమ్మవారు కప్పుకోవాల్సిన వస్త్రం ఇంకా తయారు కాలేదు, ఈవిడ దాన్ని కుడుతోంది. లోపెజ్ తల్లి నిజ జీవితంలో కుట్టుపని చేసే మనిషే, ఆ సంపాదనతో పిల్లలను పెంచింది. బొమ్మ పేరులో తల్లి పేరు మార్గరెట్ ఎఫ్. స్టీవర్ట్ అని పూర్తిగా పెట్టి, పక్కనే గ్వాదలూపే అమ్మవారని రాసింది లోపెజ్. బిరుదులేమీ తగిలించలేదు.

పరుగెత్తే కూతురి బొమ్మ గొప్పదే, కాదనను. కానీ అది దేవత దగ్గర నుంచి వస్త్రాన్ని తీసుకుని పారిపోయే బొమ్మ. ఆ తిరుగుబాటు తొలిచూపులోనే అర్థమైపోతుంది, అందుకే పోస్టర్లకెక్కింది. తల్లి బొమ్మ అంతకంటే లోతుకు పోతుంది. నాలుగువందల ఏళ్ళుగా జనం ఆ వస్త్రం ఆకాశం నుంచి వచ్చిందని చెప్పుకున్నారు. ఇక్కడ అది మిషన్ మీంచి వస్తోంది. దేవతను ఎక్కడా చిన్నబుచ్చలేదు, ప్రభను ఆర్పలేదు. ఆ దేవత నిలబడటానికి ఒక మనిషి నడుం వంచాలన్నంత వరకే చెప్పింది. ఈ మాట కోపంగా చెప్పి ఉంటే నినాదమైపోయేది. అదే సంవత్సరం లోపెజ్ వేసిన మరో బొమ్మలో అసలు అక్రమంగా వలస వచ్చిందెవరని తెల్లవాళ్ళను నిలదీసింది. అదీ పోస్టరుగా ఊరూరా తిరిగింది, తిరగాల్సిందే. కానీ తల్లిని గీసేటప్పుడు చేతి తీరు మారింది.

దీన్ని చూసిన ప్రతిసారీ నాకు మన తెలుగుతల్లి గుర్తుకొస్తుంది. ఒక చేతిలో పూర్ణకుంభం, మరో చేతిలో వరికంకులు. సరిహద్దుకు ఇవతల కన్నడ తాయి భువనేశ్వరి. హంపి విరూపాక్షుడి ఆవరణలో ఆమెకు గుడి కూడా ఉంది. రెండు భాషలకూ ఇద్దరు తల్లులు, ఇద్దరికీ నగలు, కిరీటం. తాలూకాలు పంచుకునే రోజుల్లో ఈ తల్లుల పేరు మీదే అటూ ఇటూ జనం ఊగిపోయారు. సిరుగుప్ప మళ్ళలో వంగి వరి కోసిన ఆడమనిషి మాత్రం ఏ తల్లి చేతిలో కంకి పెట్టడానికి కోసిందో, ఆమెకు కూలి కన్నడంలో ఇచ్చారో తెలుగులో ఇచ్చారో ఏ చిత్రకారుడూ వేయలేదు. కొడవలి పట్టుకున్న తెలుగుతల్లిని ఎవరైనా గీస్తే ఊరు ఒప్పుకుంటుందా? ఒప్పుకోదనే నా అనుమానం. మడమల చెప్పుల అమ్మవారికి మెక్సికోలో ఎదురైనదే ఇక్కడా ఎదురవుతుంది.

లోపెజ్ 2021 సెప్టెంబరు 3న చనిపోయింది. ఆమె బొమ్మలతో మ్యూజియంలో ఏర్పాటైన మొట్టమొదటి సొంత ప్రదర్శన, పుట్టిన సాన్ డియేగోలోనే, ఆ తరవాతి నెలలో తెరుచుకుంది. డెబ్బైతొమ్మిదో ఏట, అదీ చూసుకోలేకపోయింది. పోస్టర్ల మీద అంతగా తిరిగిన మనిషికి మ్యూజియం గోడ ఇంత ఆలస్యంగా దొరకడం ఎవరి లెక్క ప్రకారం న్యాయమో నాకు తెలియదు.

ఇదంతా నేను అత్తకు చెప్పలేదు. చెప్పే వీలూ చిక్కలేదు, వాళ్ళు పనిలో పడిపోయారు.

‘కండ్లద్దాలు పెట్టుకుందంటే రాత్రిపూట కుడ్తాంది’ అంది అత్త. ‘నీలం గుడ్డ మింద నీలం దారం లైటు కింద అవుపడదు. చానా కష్టం.’

‘ఆ నక్షత్రాలు అచ్చువేసిన గుడ్డనా, అతికించి కుట్టేవా?’ అని అడిగింది అక్క.

బొమ్మలో తేలదు. అసలు దుప్పటి మీది అమ్మవారి బొమ్మను ఫోనులో తెరిచి పెద్దది చేసి చూపించాను. అందులో అంచులు పట్టుకున్న రెక్కల పిల్లవాణ్ణి చూసి అత్త తలూపింది. ‘ఇంత గుడ్డ కుట్టేటప్పుడు అట్ల పట్టుకునేటోడు ఒకడుండాల. లేకుంటే బరువుకు కిందికి జారి కుట్టు గుంజుతాది.’ పరుగెత్తే కూతురు తొక్కేసిన పిల్లవాడికి తల్లి దగ్గర పని దొరికింది.

‘అతికించేదే అయితే’ అని మొదలుపెట్టింది అక్క. ఒక గుడ్డముక్క తీసుకుంది, సుద్దతో చుక్క గీసి, అంచు లోపలికి మడిచి జూకీ కింద పెట్టింది. ‘సూడు. కొస దాకా పోవాల, సూది గుడ్డలోనే దిగి ఉండాల. అప్పుడు పాదం పైకెత్తి, గుడ్డ తిప్పి, పాదం మల్లా దించాల. సూది పైకొచ్చినాక తిప్పితే కుట్టు జరిగిపోతుంది, మూల రాదు. జీన్స్ జేబుకూ ఇదే లెక్క. జేబుకు మూలలు తక్కువ, ఇది నక్షత్రం.’ మోటారు ఒక్కసారి గుర్రుమని ఆగింది. నీలం మీద పసుపు మూల ఒకటి కరుకుగా, సూటిగా తేలింది.

‘ఎన్ని నక్షత్రాలుండాయి పాపా?’

అమ్మవారి శాలువా మీద నలభై ఆరు ఉంటాయని, ఒక్కోదానికి ఎనిమిది కొసలని చెప్పాను.

అత్త గోడకు ఒరిగి వేళ్ళ కణుపుల మీద లెక్క వేసింది. ‘నలభై ఆరు ఎనిమిదులు... మున్నూట అరవై ఎనిమిది సార్లు తిప్పాల.’

‘అత్తమ్మా, కొసకూ కొసకూ నడుమ లోపలి మూల మర్చిపోయినావు. రెండింతలు వెయ్యి. లోపలి మూలకు గుడ్డ కత్తెర గాటు కూడా పెట్టాల.’

‘అవును గదా. ఏడునూర్ల ముప్పై ఆరు.’ అత్త నా వైపు తిరిగింది. ‘పీసు రేటు కాదు పాపా ఇది, మూలకింత అని మాట్లాడుకోవాల. ఆయమ్మకు గుళ్ళోవాళ్ళు ఎంతిచ్చినారంట?’

ఇచ్చినట్టు ఎక్కడా లేదన్నాను.

‘అట్లయితే అంచు కుట్టకుండా ఆపి పెట్టమను’ అంది అత్త, బాబిన్‌కు దారం చుట్టుకుంటూ. ‘దారం ఖర్చు వేరే.’